ఈశాన్యం మూల కుళాయి

(దువ్వాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎస్టేట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన భ్రమరాంబ గారు, రిటైరైన రోజు సాయంత్రం కాలేజీ ఆడిటోరియంలో జరిగిన వీడ్కోలు సభలో మాట్లాడిన మాటలు.)

సభాధ్యక్షులు, మా కాలేజీ ఛైర్మన్ శ్రీ దేవీప్రసాద్ గారికి నమస్కారం. "ముఖ్య అతిథిగా ఎవరిని పిలవమంటారు?" అని నన్నే అడిగి, "నీలకంఠం గారిని తప్ప ఎవరినైనా పిలవండి" అని నేను చెప్పాక, కావాలని ఆయన్నే పిలిపించి, తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టారు చూడండి, ఆ వాస్తు సిద్ధాంతి శ్రీ నీలకంఠం గారికి రెండు నమస్కారాలు. (నవ్వులు) ఒకటి పెద్దవారని. రెండోది ఎందుకో మీకే తెలుస్తుంది. హాస్టల్ వార్డెన్ ఈశ్వరి గారికి, నాతో పాటు ఇన్నేళ్ళు సిమెంటు దుమ్ము మింగిన మా ఎస్టేట్ ఆఫీసు వాళ్ళకి, అధ్యాపకులకి, సభ అయ్యాక పంచబోయే మాడుగుల హల్వా మీద భక్తితో ఇంత బుద్ధిగా కూర్చున్న పిల్లలకి, అందరికీ నమస్కారం.

ముందుగా ఒక మనవి. మీరు ప్రేమతో కప్పిన శాలువాలు మూడూ నా భుజాల మీదే ఉన్నాయి. తీస్తే కప్పినవాళ్ళు నొచ్చుకుంటారు, ఉంచుకుంటే నేను ఉడికిపోతాను, ఎందుకంటే ఈ హాల్లో ఏసీ పనిచెయ్యడం లేదు, దాన్ని బాగుచేయించాల్సిన మనిషిని ఇవాళ సాయంత్రమే మీరు దండలేసి ఇంటికి పంపించేస్తున్నారు! (నవ్వులు, చప్పట్లు) కాబట్టి నా మాటలు కాస్త వేడిగా ఉంటే తప్పు ఏసీది.

పొద్దున్నించి అందరూ నా మొహంకేసి అదోలా చూస్తున్నారు. క్యాంటీన్‌లో కాఫీ ఇచ్చే కుర్రాడు కూడా పంచదార ఎక్కువేసి ఇచ్చాడు, పాపం రిటైరైపోతోందని. నాకేమో నిజం చెప్పాలంటే వేసవి సెలవులిచ్చిన రోజు బడిపిల్లకి ఎలా ఉంటుందో అలా ఉంది, గెంతాలనిపిస్తోంది, మోకాళ్ళు ఒప్పుకోక ఆగాను. ఎందుకంత సంబరమంటే, ఇన్నేళ్ళూ ఛైర్మన్ గారి గదికి వెళ్ళి నేనేదైనా చెప్పబోతే సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగేది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి మాట్లాడేవారు, నేను నా డ్రాయింగులు చుట్టుకుని బయటికొచ్చేసేదాన్ని. ఇవాళ మైకు నా చేతిలో ఉంది. ఆయన ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవడం నా కళ్ళారా చూశాను. సన్మాన సభలో అధ్యక్షుడు మధ్యలో లేచి వెళ్ళకూడదు. అయ్యా, దొరికారు! (నవ్వులు. అధ్యక్షులు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.)

అందుకని దాపరికం లేకుండా ముందే చెప్పేస్తున్నాను, నేనీ మైకు ఎందుకు పట్టుకున్నానో. మన కొత్త హాస్టల్ ప్లాను రేపు ట్రస్టు వాళ్ళ ముందుకి వెళ్తోంది. రేపు ఆ గదిలోకి వెళ్ళడానికి నాకు హక్కు లేదు, నేను మాజీని. ఆ ప్లానులో నాకొక కుళాయి కావాలి. అంతస్తుకి ఒక్కటి, ఈశాన్యం మూల. శాలువాలు తిరిగిచ్చేస్తాను, జ్ఞాపిక కూడా ఇచ్చేస్తాను, కుళాయి ఇప్పించండి.

(అధ్యక్షులు: "అమ్మా, ఇది వీడ్కోలు సభా, సైటు మీటింగా?" నవ్వులు)

రెండూనండీ. భోజనాలు కూడా ఉన్నాయి కదా, మూడనుకోండి.

కుళాయి కథ తెలియనివాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా మన కొత్త ఆర్కిటెక్టు సాయిశంకర్ బాబు, అదిగో రెండో వరసలో, కాలర్ సర్దుకుంటున్నాడు. బాబూ, నీమీద నాకు కోపం లేదు, నీ ప్లాను చాలా అందంగా ఉంది, దాని సంగతి తర్వాత. ముందు మా సిద్ధాంతి గారి సంగతి.

మా నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి కోనసీమ నుంచి ఇక్కడికొచ్చారు. నేను సెక్టారు క్వార్టర్లలో పెరిగి, ఇక్కడే సివిల్ చదివి, "అండి" తగిలించకుండా మాట రాని నా గోదావరి నోటితో ఈ ఊరివాళ్ళ మధ్య మేస్త్రీలతో దెబ్బలాడుతూ ఇంజనీర్నయ్యాను. ఈ కాలేజీలో చేరగానే నాకప్పగించిన మొదటి పెద్ద పని, ఇప్పుడున్న ఆడపిల్లల హాస్టల్. నేను రెక్కలు మొలిచినంత హుషారుగా ప్లాను గీసి తీసుకెళ్తే, ఛైర్మన్ గారు దాన్ని చూడనైనా చూడకుండా మడిచి నీలకంఠం గారి చేతిలో పెట్టారు. అప్పుడు మొదలైంది మా యుద్ధం.

మంచినీళ్ళ ట్యాంకు నడిమధ్యన పెడతానన్నాను, అన్ని గదులకీ సమంగా నీళ్ళొస్తాయి కదాని. సిద్ధాంతి గారు కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయ్, బరువు నైరుతిలో ఉండాలి" అన్నారు. సరే, ట్యాంకు నైరుతికి పోయింది. "మరి తాగేనీళ్ళో?" అంటే, "నీళ్ళు ఈశాన్యం" అన్నారు. అంటే ట్యాంకు ఈ మూల, కుళాయి ఆ మూల. పోనీ గొట్టం అడ్డంగా తిన్నగా లాగేస్తానంటే, "మధ్యలో బ్రహ్మస్థానం, దాని మీదుగా గొట్టమేమిటమ్మా!" అన్నారు. దాంతో ఆ గొట్టం గోడల వెంట చుట్టూ ప్రదక్షిణ చేసుకుంటూ వెళ్ళింది. (నవ్వులు) ప్రదక్షిణ చేసి చేసి అలిసిపోయి, కుళాయి దగ్గరికొచ్చేసరికి నీళ్ళు సన్నగా, తేనె పోసినట్టు కారేవి. చిన్న మోటారు పెట్టిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాను. "మోటారంటే అగ్ని. ఆగ్నేయంలో పెట్టుకో, ఈశాన్యంలో ఒప్పుకోను" అన్నారు. ఆగ్నేయంలో మోటారు పెట్టి నేనేం చేసుకోనండీ, పూజ చేసుకోనా? (పెద్దగా నవ్వులు. నీలకంఠం గారు కూడా నవ్వుతూ తల ఊపారు.)

పైగా ఈశాన్యం మూల తేలిగ్గా, తెరిపిగా ఉండాలన్నారు. గదులు కట్టకూడదట. ప్రతి అంతస్తులోనూ బంగారంలాంటి రెండు గదుల జాగా ఖాళీగా వదిలేశాం. ఒక గచ్చు, ఒక కుళాయి, నడుమెత్తు పిట్టగోడ. ఆ జాగా చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

సరే, ఆ మంట చల్లార్చుకోడానికి నాకొక దారి దొరికింది. హైదరాబాదులో ఒక సదస్సుకి పంపించారు. విద్యార్థులు ఒంటరితనంతో నలిగిపోతున్నారు, ఒకరితో ఒకరు కలిసేలా హాస్టళ్ళు కట్టాలి, అదీ విషయం. పెద్దపెద్దవాళ్ళు తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడారు. నేను అక్షరం పొల్లుపోకుండా విని, అదంతా నెత్తినెక్కించుకుని వచ్చి, హాస్టల్ కింది అంతస్తులో ఒక హాలు కట్టించాను. దానికి 'సంగమం' అని పేరు పెట్టాను. అద్దాల గోడ, ఏసీ, గుండ్రంగా సోఫాలు, నీలిరంగు తివాచీ. పిల్లలు అక్కడికొచ్చి కూర్చుని మనసులు విప్పి మాట్లాడుకుంటారని, స్నేహాలు కట్టలు తెంచుకుని పారుతాయని నేను కలలు కన్నాను. రిబ్బను కత్తిరించిన రోజున నాకు కళ్ళనీళ్ళొచ్చాయంటే నమ్మండి.

మర్నాడు వెళ్ళి చూస్తే సంగమానికి తాళం.

ఈశ్వరి గారూ, అలా తల దించుకోకండి, ఇవాళ మిమ్మల్ని వదలను. "తాళం ఎందుకేశారండీ?" అని అడిగితే మా ఈశ్వరి గారు ఏమన్నారో తెలుసా? "సోఫాలు మాసిపోతాయండి. పిల్లలు కూసుంటే తొక్కీసి పాడుసేసెత్తారు." అమ్మా, కూర్చోడానికే కదా సోఫా! "ఎవులైనా పెద్దోళ్ళొచ్చినప్పుడు తీద్దారండి, నానున్నానుగా." (నవ్వులు) మనందరి ఇళ్ళల్లో అంతే కదండీ, మంచి గ్లాసులు షోకేసులో, మంచి దుప్పటి బీరువాలో, మనం మాత్రం చిరుగు దుప్పటి మీద. ఆ సోఫాల మీద ప్లాస్టిక్ కవర్లు ఇవాళ్టికీ తీయలేదు. కావాలంటే సభయ్యాక వెళ్ళి చూడండి. ఓ, తాళం ఉంది కదూ.

ఒకసారి తనిఖీ కమిటీ వచ్చింది. ఆ రోజు తాళం తీశారు. ఈశ్వరి గారు గదుల్లోంచి పిల్లల్ని తోలుకొచ్చి, "కూసోండి, కూసోండి. కాళ్ళు కిందెట్టండి. కలివిడిగా ఉండండి. మాటాడుకోండి. ఏటా మూతులు, నవ్వండి!" అని అదిలిస్తుంటే, పాపం ఆ పిల్లలు ప్లాస్టిక్ కవర్ల మీద చప్పుడు చెయ్యకుండా, ఫోటోస్టూడియోలో పెళ్ళిచూపుల ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. కమిటీ పెద్దాయన ప్రేమగా ఒకమ్మాయిని అడిగాడు, "ఇక్కడ మీరు రోజూ ఏం మాట్లాడుకుంటారమ్మా?" అని. ఆ అమ్మాయి కీర్తన, ఇప్పుడు ఇక్కడే లెక్చరరుగా ఉంది, అదిగో మొహం దాచుకుంటోంది. కీర్తన ఏమందంటే, "ఏటి మాటాడుకోవాలో మేడమ్ గారు ఇంకా సెప్పలేదండి." (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇంజనీరుగా నేను బాగా ఆలోచించి, మనసుపెట్టి కట్టిన ఒకే ఒక్క గది అది, అందులో ఒక్క స్నేహం పుట్టలేదు.

తర్వాత ఓ సాయంత్రం మూడో అంతస్తులో కుళాయి కారిపోతోందని చెప్తే చూడ్డానికి వెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే ఈశాన్యం మూల నుంచి గోల వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, ఇరవై మంది ఆడపిల్లలు! పిట్టగోడ ఎక్కి కూర్చున్నవాళ్ళు కొందరు, బకెట్లు బోర్లేసుకుని కూర్చున్నవాళ్ళు కొందరు, ఒకత్తి ఇంకొకత్తికి జడ వేస్తోంది, ఒకత్తి రేపటి పరీక్షకి అందరికీ పాఠం చెప్తోంది, మధ్యలో ఎవరింటి నుంచో వచ్చిన చేగోడీల డబ్బా చేతులు మారుతోంది. కుళాయి కింద ఒక బాటిలు. అది ఎప్పుడో నిండిపోయి పైనుంచి పొర్లుతోంది, అదే ఆ కారిపోవడం. దాన్ని చూసే నాథుడు లేడు.

"ఇక్కడేం చేస్తున్నారమ్మా?" అన్నాను.

"నీళ్ళకొచ్చినామండి."

"ఎప్పుడొచ్చారు?"

"ఇందాకలేనండి, టిఫిన్లయిన కాడ్నించి."

"బాటిలు నిండిపోయింది కదా మరి!"

అప్పుడు ఆ పిట్టగోడ మీది పిల్ల నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "నిండిపోతే ఎలిపోవాలేటండి?" అంది. (నవ్వులు)

నాకు బుర్ర తిరిగిపోయింది. అక్కడే ఒక బకెట్టు బోర్లించుకుని నేనూ కూర్చున్నాను. నాకూ రెండు చేగోడీలు పెట్టారు. ఆ సదస్సులో ఎవరూ చెప్పనిది నాకు ఆ బకెట్టు మీద తెలిసింది. మనిషి మనిషి దగ్గరికి వెళ్ళాలంటే ఒక నెపం కావాలండీ. "నాకు తోచడం లేదు, భయంగా ఉంది, నాతో ఎవరైనా మాట్లాడండి" అని రాసి ఉన్న గదిలోకి మనలో ఎవరం వెళ్తాం? అభిమానం అడ్డొస్తుంది. కానీ ఖాళీ బాటిలు పట్టుకుని ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నీళ్ళు సన్నగా వస్తున్నాయి కాబట్టి నిలబడాలి. నిలబడితే పక్కనున్నదాన్ని పలకరించాలి. ఆ రోజు మాట కలవకపోతే రేపు కలుస్తుంది, ఎందుకంటే రేపూ దాహం వేస్తుంది. నేను బుద్ధితో కట్టింది బోసిపోయింది, నేను తిట్టుకుంటూ వదిలేసిన జాగాలో తిరణాల జరుగుతోంది. నీలకంఠం గారూ, ఆ రెండో నమస్కారం ఇందుకండీ. (నీలకంఠం గారు లేచి నిలబడి సభకి నమస్కరించారు. చప్పట్లు) కూర్చోండి, కూర్చోండి, అంత సంబరపడకండి, మీరు ఇందుకని చెప్పలేదు! (నవ్వులు)

ఆ తర్వాత నేను చేసిందల్లా ఆ మూలకి అడ్డు రాకుండా ఉండడమే. పిట్టగోడ మీద కూర్చుంటే పడిపోతారని దానికి లోపలివైపు వెడల్పాటి గట్టు కట్టించాను, ఒక మంచి దీపం పెట్టించాను, చెమ్మ గచ్చు మీద జారకుండా గరుకు పలకలు వేయించాను. ఈశ్వరి గారికి మాత్రం చెప్పలేదు, చెబితే దానికీ ప్లాస్టిక్ కవరు వేసేస్తారని.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పొచ్చా అని మధ్యాహ్నం హిమబిందుని అడిగాను. చెప్పమంది. హిమబిందు ఫైనలియర్, నాలుగో వరసలో ఉంది. మంచినీళ్ళు ఇలా ఇవ్వండమ్మా.

హిమబిందు మొదటి ఏడాది విజయనగరం అవతల పల్లె నుంచి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. మాట్లాడితే తన యాసకి నవ్వుతారని భయం, ఈ ఊళ్ళో ఉండి! పచ్చ బాటిలు పట్టుకుని నీళ్ళకి వచ్చేది, ఓ పక్కన నిలబడేది, నింపుకుని వెళ్ళిపోయేది. దాని పేరు కూడా ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో దాని గదిలో ఉండే అమ్మాయి అక్క పెళ్ళికని ఊరెళ్ళింది. హిమబిందుకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకుని తలుపేసుకుని పడుకుంది. క్లాసులో హాజరు పడలేదు, ఒక్కరోజు రాకపోతే ఎవరడుగుతారు? మెస్సులో అంత మందిలో ఒక పళ్ళెం తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఇంటి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, "బావున్నానమ్మా, చదువుకుంటన్నాను" అని చెప్పి పెట్టేసింది.

కుళాయి దగ్గర మాత్రం ఒకమ్మాయి అంది, "ఏటే, ఆ పచ్చ బాటిలు గుంట నీళ్ళకి రాటం లేదేటే?"

"ఊరెలిపోనాదేమోనే."

"ఊరెల్తే సెప్పులు గుమ్మంకాడెందుకుంటాయే, మొద్దూ!"

అంతే. అందరూ లేచారు. తలుపు కొట్టారు, తియ్యకపోతే ఇంకా కొట్టారు, కిటికీ రెక్క తోసి గడియ తీశారు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, మాట తెలీడం లేదు. చేతుల మీద కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డెంగ్యూ. ఇంకొక్క పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి ఆ వరండాలో ఆ అంతస్తు పిల్లలందరూ కింద కూర్చుని ఉన్నారు, దాని పేరేమిటో అప్పుడే చీటీ మీద చూసి తెలుసుకుని, "హిమబిందంటే దీని పేరు, హిమబిందంటే" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. ఇప్పుడా పిల్ల నోరు మూయించడం మా వల్ల కావడం లేదు, అది వేరే సంగతి. (నవ్వులు)

సాయిశంకర్ బాబూ, ఇప్పుడు నీ దగ్గరికొస్తున్నాను. మొన్న నువ్వు కొత్త హాస్టల్ ప్లాను నాకు చూపిస్తూ ఎంతో ముచ్చటగా చెప్పావు. ప్రతి గదికీ సొంత బాత్రూము, సొంత నీళ్ళ ఫిల్టరు, ఫోనులో నొక్కితే గుమ్మం దగ్గరికే టిఫిను. ఈశాన్యంలో రెండు గదులూ వచ్చేస్తాయి, ఆ మూల చిన్న నీళ్ళ బిందె ఒకటి పెడితే చాలని సిద్ధాంతి గారు కూడా సరేనన్నారట. చివర్లో నువ్వొక మాటన్నావు, "ఎవరికీ ఎవరితోనూ పనుండదు మేడమ్!" అని. నువ్వు గర్వంగానే అన్నావు. నాకు మాత్రం హిమబిందు గది తలుపు గుర్తొచ్చింది. ఒక్కరోజు కాదు, వారం తలుపు తీయకపోయినా ఆ హాస్టల్లో ఎవరికి తెలుస్తుంది నాయనా?

ఛైర్మన్ గారి కష్టం నాకు తెలియనిది కాదు. రుషికొండ వైపు కొత్తగా లేచిన హాస్టళ్ళలో గదిగదికీ ఫ్రిజ్‌లున్నాయట, కిటికీ తీస్తే సముద్రమట. మనకి కిటికీ తీస్తే దువ్వాడ స్టేషన్లో ఆగిన గూడ్సు బండి. (నవ్వులు) పోటీ ఉంది, ఒప్పుకుంటాను. ఆయన చెడ్డమనిషి కాడు, పిల్లలకి సుఖంగా ఉండాలనే...

(అధ్యక్షులు కుర్చీలోంచే: "అమ్మా, నువ్వు సెప్పిందంతా నిజివే. నానూ పల్లెటూరోణ్ణే. కానీ అడ్మిషన్లప్పుడు నా ముందు కూసున్న తల్లికి నానేటి సెప్పాల? గదిలో నీళ్ళు లేవు, మీ పిల్ల బాటిలట్టుకుని లైన్లో నిలబడాల అని సెప్పమంటావేటి?")

చెప్పండి! అదే చెప్పండి. "అమ్మా, మీ పిల్ల ఒక్కరోజు నీళ్ళకి రాకపోతే పదిమంది వెళ్ళి తలుపు కొడతారు. ఫ్రిజ్ ఉన్న హాస్టల్లో ఎవరు కొడతారో వెళ్ళి అడిగి రండి" అని చెప్పండి. తల్లి కదండీ, ఆమెకి అర్థమవుతుంది. హిమబిందు వాళ్ళమ్మకి నేను విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆవిడ ఆసుపత్రి నుంచి తిన్నగా హాస్టల్‌కొచ్చి, ఆ కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని, ఒక్కొక్క పిల్ల బుగ్గలూ పట్టుకుని ముద్దులు పెట్టింది. మూడు అంతస్తులూ తిరిగింది, ఎవరు తలుపు కొట్టారో తెలీక అందరికీ పెట్టింది. నాకూ పెట్టింది, నేను కొట్టలేదమ్మా అంటున్నా వినకుండా.

(అధ్యక్షులు లేచి హాల్లోకి చూస్తూ: "ఎవులమ్మా హిమబిందు? ఓసారి లెగమ్మా. ఆ తలుపు కొట్టినోళ్ళెవులు, ఉన్నారేటి ఇక్కడ?" నాలుగో వరసలో హిమబిందుతో పాటు ఆ వరసంతా లేచి నిలబడింది. వెనక వరసలో మరో ముగ్గురు లేచారు. అధ్యక్షులు ఆర్కిటెక్టు వైపు తిరిగి: "సాయిశంకర్, ప్లానులో ఆ గదుల ఫిల్టర్లు కొట్టీ బాబూ. మూల కాళీ ఒగ్గీ. కుళాయెట్టు." నీలకంఠం గారు: "ఈశాన్యంలోనే." పెద్ద నవ్వులు, ఈలలు, చాలాసేపు చప్పట్లు. అధ్యక్షులు: "బాత్రూములు మాత్రం అడక్కమ్మా, అవి ఉంటాయి!")

ఉంచుకోండి, ఉంచుకోండి, బాత్రూముల్లో కబుర్లు చెప్పుకోమని నేనెప్పుడూ అనలేదు! (నవ్వులు) అయ్యా, చేతులెత్తి దండం పెడుతున్నాను. నా కాళ్ళిప్పుడు నేలమీద లేవు. సాయిశంకర్ బాబూ, చిన్నబుచ్చుకోకు, రేపు పొద్దున్నే వచ్చి ఆ మూల కొలతలు నేనే చెప్తాను, జీతం అక్కర్లేదు. నీళ్ళు మాత్రం మరీ ధారాళంగా వచ్చేలా కట్టావో, ఊరుకోను.

ఇంక ముగించాలి, హల్వా ఎదురు చూస్తోంది. కానీ ఇంత సంబరంలోనూ ఒక మాట మిగిలిపోయింది, అదీ చెప్పేసి దిగుతాను.

మీరందరూ ఇన్నేళ్ళు వెనకాల చెప్పుకున్నారు, భ్రమరాంబ గారు పెళ్ళెందుకు చేసుకోలేదని. తీరిక లేదండీ, హాస్టళ్ళు కట్టుకుంటూ కూర్చున్నాను. (నవ్వులు) మా అమ్మ ఉన్నన్నాళ్ళు ఇంట్లో మాటకి లోటుండేది కాదు. అమ్మ పోయాక పెందుర్తిలో ఫ్లాటు కొనుక్కున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ గోలలో ఉంటాను కదా, ఇల్లయినా నిశ్శబ్దంగా ఉండాలని ఏరికోరి ఆ చివరి ఫ్లాటు తీసుకున్నాను. లిఫ్టు నేరుగా గుమ్మం ముందు ఆగుతుంది. వంటింట్లో ఫిల్టరుంది. ఎదురింటివాళ్ళకి బాబు పుట్టాడన్న సంగతి వాళ్ళ గుమ్మం ముందున్న డైపర్ల అట్టపెట్టె చూసి తెలుసుకున్నాను. ఎవరికీ ఎవరితోనూ పనుండదు, సాయిశంకర్ బాబూ, నీకు కావాలంటే వచ్చి చూడు, నీ ప్లాను అక్కడ ఎప్పుడో కట్టేశారు.

ఇవాళ దాకా అది నాకు పట్టలేదు. రాత్రికి పడుకోడానికే కదా ఇల్లు. రేపటి నుంచి పగలు కూడా అక్కడే. నేను నవ్వుతూనే ఉన్నాను గానీ వారం రోజులుగా నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఇన్ని శాలువాలు కప్పిన ఛైర్మన్ గారికి, నన్ను ఓడించి గెలిపించిన సిద్ధాంతి గారికి, సోఫాలు కాపాడిన ఈశ్వరి గారికి, తోటివాళ్ళకి, పిల్లలకి, పేరుపేరునా కృతజ్ఞతలు. "టచ్‌లో ఉందాం మేడమ్, ఫోన్ చేస్తాం" అని పొద్దున్నించి అందరూ అంటున్నారు. వద్దు. ఫోన్ చేస్తే నేను బావున్నాననే చెప్తాను. ఉప్పు కావాలనో, పంచదార కావాలనో, ఇటువైపు పనిమీద వచ్చామనో ఏదో ఒకటి చెప్పి, వచ్చి తలుపు కొట్టండి. వెంటనే తియ్యకపోతే ఇంకా గట్టిగా కొట్టండి.

సెలవు.